ఎండిన కాలువ మీద విమానం

ఆ రోజు ఆ ఇంట్లో అయిదుగురు ఉన్నారు.

మేడ మీద పద్మావతమ్మ, మాగాయ ముక్కలు ఎండబెడుతూ. కింద ముందుగదిలో ఆమె కొడుకు సాయిగణేష్, కంప్యూటర్ ముందు జాయ్‌స్టిక్ పట్టుకుని. అతని కుర్చీకి తన కుర్చీ ఆనించుకుని సింధూరి, నల్ల కళ్ళద్దాలు జుట్టులోకి తోసుకుని, గదంతా సెంటు వాసన నింపేస్తూ. కిటికీ పక్కన విక్టర్ అనే పొడుగాటి విదేశీయుడు. తలుపు దగ్గర స్టూలు మీద, చున్నీ తల మీదికి లాక్కుని, కంప్యూటర్ నేర్చుకోవడానికి కొండపల్లి నుంచి వచ్చే అర్ఫా అనే అమ్మాయి.

ఇంటి యజమాని తిరుపతిరావు ఇంట్లో లేడు. పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే కనబడే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాల కింద, కంట్రోల్ రూములో.

అర్ఫా అనే అమ్మాయి కూడా నిజానికి ఆ ఇంట్లో లేదు. స్టూలు మీద కూర్చున్నది ఏజెంట్ ముబీనా.

ఈ మిషన్ ఆమె చేతికి వచ్చింది రెండు వేల ఏడు, ఏప్రిల్ నెలలో, గవర్నర్‌పేటలో. ఫ్యాన్లు అమ్మే హోల్‌సేల్ షాపు వెనక ఇరుకు మెట్లెక్కి ఆమె ఒక తలుపు తట్టింది.

"టేబుల్ ఫ్యాను తిరగట్లేదండీ."

"ఏ రెక్క?" అంది లోపలి గొంతు.

"నాలుగోది."

తలుపు తెరుచుకుంది. అట్టపెట్టెల మధ్య గూఢచారి విభాగం చీఫ్ వెంకటకృష్ణారావు కూర్చుని ఉన్నాడు.

"ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే తెలుసా?"

"ఇంట్లో కూర్చుని విమానం నడిపే ఆట, సార్."

"ఆట అనే అందరూ అనుకుంటారు. ఇబ్రహీంపట్నంలో సాయిగణేష్ అనే కుర్రాడున్నాడు. ఇంజనీరింగ్ సగంలో మానేసి ఆ ఆటే లోకంగా బతుకుతున్నాడు. గన్నవరం నుంచి థర్మల్ స్టేషన్ దాకా ప్రతి కాలువా, ప్రతి రోడ్డూ ఫొటోలు తీసి, సిమ్యులేటర్లో ఎగరడానికి మన డెల్టా అంతా తయారుచేశాడు. ఇంటర్నెట్లో ఊరికే పెట్టాడు."

"తప్పేముంది సార్?"

"తప్పు లేదు. కానీ ఒక విదేశీ ముఠా అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆటలో అదనంగా చేర్చుకునే యాడ్-ఆన్ విమానాల కంపెనీ అని చెప్పుకుంటున్నారు. కొత్త విమానం ఇస్తారు, దానికి అప్‌గ్రేడ్ ఇస్తారు, దాని మీద ఇంకో అప్‌గ్రేడ్. అన్నీ ఉచితం. ఎందుకు?"

"ఎందుకు సార్?"

"నువ్వు చెప్పాలి. ఆ ముఠాలో సింధూరి అని ఒకామె ఉంది. వాళ్ళు తమ మనిషి అనుకుంటున్నారు. మన మనిషి. డబుల్ ఏజెంట్."

"నిజంగా మన మనిషేనా సార్?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఫైల్లో అలాగే ఉంది. ఆమె నీతో విడిగా మాట్లాడదు. 'ఈ ఏడు మామిడి కాపు బాగుంది' అంటే ప్రమాదం లేదు, కదలకుండా కూర్చో. 'కాపు బాగాలేదు' అంటే ఇదిగో, దీని పని."

బల్ల మీద ఒక కొండపల్లి బొమ్మ పెట్టాడు. తాటిచెట్టు, దానికి కరుచుకున్న గీత కార్మికుడు. అతన్ని చెట్టు చివరిదాకా జరిపితే లోపలి ట్రాన్స్‌మిటర్ పలుకుతుంది. టీము జీపులో వస్తుంది.

ముబీనా బొమ్మ తీసుకుంది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి అడిగింది.

"నన్నే ఎందుకు పంపుతున్నారు సార్? ఇంతకంటే చురుకైనవాళ్ళు ఉన్నారు కదా."

"గదిలో నువ్వున్నా ఎవరూ నిన్ను చూడరు ముబీనా. అందుకు."

అది మెచ్చుకోలని ఆమెకు తెలుసు. అయినా మెట్లు దిగుతూ ఉంటే చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. బందరు వైపు కాలవగట్టు పల్లెలో, హాజరు పిలిచినప్పుడు ఆమె 'ఉన్నానండీ' అన్నా వినబడక మాస్టారు గైర్హాజరు వేసేసేవాడు.

బొమ్మ పద్మావతమ్మకి కానుకగా వెళ్ళి ముందుగదిలో షెల్ఫు ఎక్కింది. అర్ఫా వారానికి నాలుగు రోజులు వచ్చి కూర్చుంది. సాయిగణేష్ మంచి గురువు. అడిగినదానికి చెబుతాడు, అడగనిదానికి ఇంకా ఎక్కువ చెబుతాడు.

"చూడు అర్ఫా, యాడ్-ఆన్ విమానం కొత్త వెర్షన్ వచ్చిందనుకో, వెంటనే ఎక్కించెయ్యకూడదు. పాత కెమెరాలన్నీ ముందు బ్యాకప్ తియ్యాలి. పైలట్ సీటు కెమెరా, రెక్క కెమెరా, తోక కెమెరా, నేను రాత్రింబగళ్ళు కూర్చుని సెట్ చేసుకున్నవి. కొత్త వెర్షన్ వాటిని తుడిచిపారేస్తుంది. మనింటికి కొత్తగా సున్నం వేయించి, తలుపులూ కిటికీలూ మూసేసినట్టు ఉంటుంది."

"మరి పక్కకి చూడాలంటే సార్?"

"ఇదిగో, స్టిక్కు మీద ఈ చిన్న బటన్. బొటనవేలితో ఎటు తోస్తే అటు కెమెరా తిరుగుతుంది. ఇది లేకపోతే మెడ పట్టేసినవాడు బండి నడిపినట్టే."

ముబీనా అన్నీ విని ఉంచుకుంది. అతని కంప్యూటర్ ఎండాకాలం తట్టుకోలేక ఆగిపోతూ ఉంటే కేబినెట్ పక్క మూత ఊడదీసి గోడకి ఆనించడం, లోపలి బోర్డు మీదికి టేబుల్ ఫ్యాను పెట్టడం కూడా చూసింది. కంపెనీ ఇంజనీరునంటూ విక్టర్ మేడ మీద బిగించిన యాంటెనా ఇంటర్నెట్ స్పీడు కోసమని చెప్పారు. స్పీడు ఏమీ పెరగలేదని కూడా ఆమె గమనించింది.

మే నెలలో ఆ రోజు వెర్షన్ త్రీ వచ్చింది.

"ఇది బీటా, ఇంకా టెస్టింగ్‌లోనే ఉంది, గణేష్," అంది సింధూరి తేనెలాంటి గొంతుతో. "ముక్కు కెమెరా ఒక్కటే పనిచేస్తుంది. పక్కకి తిప్పొద్దు. తిప్పితే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది."

"కొత్తగా ఏం పెట్టారు మేడమ్?"

"విజువల్స్. నువ్వే చూస్తావుగా. తర్వాత డ్యామేజ్ టెస్ట్. ఎప్పుడూ ఆడేదే. తోటలో టేకాఫ్, ఏలూరు కాలువ వెంట బెజవాడ, ఏటి పక్కగా ఇబ్రహీంపట్నం. కంట్రోల్ రూముని గుద్దెయ్. పైకప్పు ఎలా విరుగుతుందో విక్టర్ చూడాలంటున్నాడు."

సాయిగణేష్ పకపకా నవ్వాడు. "మా నాన్న ఆఫీసుని ఎన్నిసార్లు గుద్దానో! సాయంత్రం ఇంటికొచ్చాక 'నాన్నా, ఇవాళ కూడా పోయావు' అంటే తిడతాడు."

ఆట మొదలైంది. తెర మీద మట్టిదారి, అటూ ఇటూ మామిడిచెట్లు. విమానం కుదుపులతో పరుగెత్తి లేచింది. చెట్ల తలలు కిందికి జారిపోయాయి.

సింధూరి తెరవైపే చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "ఈ ఏడు మామిడి కాపు బాగుంది."

ముబీనా చున్నీ సర్దుకుంది. ప్రమాదం లేదు. కదలకుండా కూర్చోవాలి.

తెర మీద ఏలూరు కాలువ వచ్చింది.

"అబ్బ!" అన్నాడు సాయిగణేష్. "కాలవ ఎండగట్టేశారే! నేను దసరాలకి తీసిన ఫొటోల్లో నిండా నీళ్ళుంటే, వీళ్ళు సీజన్ మార్చి ఎండాకాలం పెట్టారు. ఏం విజువల్స్ మేడమ్! చేతులెత్తి మొక్కాలి."

ముబీనా తల కొంచెం ఎత్తింది.

కాలువ అడుగు బీటలు తీసి ఉంది. అక్కడక్కడా మడుగులు. ఒక మడుగులో బురద పూసుకున్న గేదెలు. వంతెన దాటాక కాలువ నడిమధ్యన పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బౌలింగ్ చెయ్యబోయినవాడు ఆగిపోయి పైకి వేలెత్తి చూపించాడు. బ్యాట్స్‌మన్ బ్యాటు పారేసి గట్టువైపు పరుగెత్తాడు.

ఆమె స్టూలు అంచుకి జరిగింది.

మేలో కాలువలు కట్టేస్తారని ఆమె పల్లెలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బ్యారేజీ దగ్గర తలుపులు దించేసిన మర్నాడే ఊరి పిల్లలంతా కాలువలోకి దిగేవాళ్ళు. వంతెనకి చుట్టు తిరగకుండా అవతలి ఊరికి అడ్డంగా నడిచిపోవడం, మడుగుల్లో చేపలు పట్టడం, కట్టెలు పాతి వికెట్లు నిలబెట్టడం. ఎక్కడో సముద్రాల అవతల గదిలో కూర్చుని బొమ్మలు గీసేవాడికి ఈ సంగతి ఏం తెలుస్తుంది? తెలిసి గీసినా, గీసిన పిల్లవాడు విమానాన్ని చూసి బ్యాటు పారేసి పారిపోతాడా?

ఇది గీసింది కాదు. తీస్తున్నది. ఈ క్షణంలో, నిజంగా, ఏలూరు కాలువ మీద ఎగురుతున్న ఒక మానవరహిత విమానం ముక్కుకున్న కెమెరా తీస్తున్నది. సాయిగణేష్ చేతిలో ఉన్నది ఆట కాదు. డెల్టా మీద ఎగరడంలో అతన్ని మించినవాడు లేడు కాబట్టే ముఠా అతన్ని ఎంచుకుంది. అప్‌గ్రేడ్ పేరుతో ఆట తీసేసి, నిజం ఎక్కించారు. మేడ మీది యాంటెనా అందుకే.

మరి సింధూరి 'కాపు బాగుంది' అంది.

ముబీనా నెమ్మదిగా షెల్ఫువైపు చూసింది. తాటిచెట్టు బొమ్మ అక్కడ లేదు. సింధూరి ఒళ్ళో ఉంది. గీత కార్మికుణ్ణి గోటితో నిమురుతూ, ఆమె ముబీనావైపే చూసి చిరునవ్వు నవ్వింది.

ఫైలు తప్పు. సింధూరి మన మనిషి కాదు.

తెర మీద బెజవాడ ఇళ్ళు మొదలయ్యాయి. డాబాలు, ఆటోలు, రైలు పట్టాలు. ఇప్పుడు ప్లగ్గు పీకితే విమానం, అందులో తప్పకుండా ఉండే పేలుడు పదార్థంతో సహా ఎవరి ఇంటి మీద పడుతుందో తెలియదు. పీకకపోతే తిరుపతిరావు కూర్చున్న గది మీద పడుతుంది. ఆ మనిషి, ఆయన పక్కనున్న షిఫ్టు వాళ్ళు, అందరూ. చేసింది కన్నకొడుకు.

ఏటి మీదికి మళ్ళాలి. మళ్ళించగలిగినవాడు ఒక్కడే. అతనికి నోటితో చెబితే నమ్మడు. విక్టర్ కోటు జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. కళ్ళతో చూడాలి.

విమానం కొండ పక్కగా వచ్చి బ్యారేజీ దాటింది. ఎడమవైపు కృష్ణ తళతళలాడుతోంది. గొల్లపూడి దాటుతోంది.

"సార్," అంది ముబీనా.  

"ఊఁ."

"కొత్త వెర్షన్‌లో పక్కకి చూడ్డం తీసేశారాండీ? పాతదాన్లో మీరు బాగా తిప్పేవారు కదా. మరి దీన్ని అప్‌గ్రేడ్ అంటారా సార్?"

సింధూరి చటుక్కున తిరిగింది. "ఏయ్ పిల్లా, నోరు మూసుకుని కూర్చో!"

"కాదు మేడమ్, ఊరికే అడిగాను. మెడ పట్టేసినవాడు బండి నడిపినట్టు ఉంటుందని సారే చెప్పారు."

సాయిగణేష్ చెవులు ఎర్రబడ్డాయి. శిష్యురాలి ముందు గురువుకి పౌరుషం వచ్చింది. "హ్యాంగూ లేదు, గీంగూ లేదు. ఉండు, చూపిస్తాను."

"గణేష్, వద్దు!"

అతని బొటనవేలు అప్పటికే కదిలింది.

తెర ఎడమకి తిరిగింది. ఇబ్రహీంపట్నం వీధి. నీళ్ళ ట్యాంకు. మూల మీద సైకిల్ షాపు. దాని పక్కన ఒక మేడ, మేడ మీద యాంటెనా, తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ చీర. పరిచిన చాప ముందు ఒక ఆడమనిషి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తి చూస్తోంది.

అదే క్షణంలో పైకప్పు మీదుగా ఒక ఇంజన్ రొద గుయ్యిమని దూసుకుపోయింది. దాని వెనకే పద్మావతమ్మ కేక మెట్ల మీదుగా వినబడింది.

"ఒరే గణేశూ! బయటికి రారా! ఏదో బొమ్మ విమానం మన మేడ మీంచే పోతోందిరా!"

సాయిగణేష్ నోరు తెరుచుకుంది.  తన డెల్టాలో అతను తమ ఇల్లు కట్టాడు. అమ్మని మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

విక్టర్ చేతిలోకి పిస్తోలు వచ్చింది. "స్ట్రెయిట్. కీప్ స్ట్రెయిట్."

"ఆటే గణేష్," అంది సింధూరి. తేనె ఎక్కడికి పోయిందో పోయింది. "ఆటే అనుకుని కానిచ్చెయ్. చేస్తే నువ్వూ మీ అమ్మా బతికుంటారు."

"అక్కడ మా నాన్న ఉన్నాడు," అన్నాడతను చిన్నపిల్లాడిలా.

కెమెరా మళ్ళీ ముందుకి వచ్చింది. పొగగొట్టాలు తెర నిండా పెరుగుతున్నాయి.

ముబీనా స్టూలు మీంచి లేచింది. పుట్టిన తర్వాత మొదటిసారి ఆమె గొంతు గది నాలుగు మూలలకీ వినబడింది.

"ఎడమకి సార్! ఏట్లోకి!"

సాయిగణేష్ స్టిక్కు మొత్తం ఎడమకి వంచాడు. నేలా ఆకాశం పక్కకి ఒరిగిపోయాయి. పొగగొట్టాలు తెర అంచు మీంచి జారిపోయాయి. ఇసుక మేట వచ్చింది, దాని వెనక నీళ్ళు. విక్టర్ ఒక్క తన్ను తన్నాడు. కుర్చీతో సహా సాయిగణేష్ కిందపడ్డాడు. విక్టర్ ఎడమచేత్తో స్టిక్కు అందుకున్నాడు, కుడిచేతి పిస్తోలు ముబీనావైపు తిప్పాడు. ఒరిగిన నేల మళ్ళీ సమంగా రావడం మొదలుపెట్టింది. ఇంకొంచెం వస్తే గట్టు, గట్టు వెనక స్టేషన్.

కేబినెట్ పక్కన, అతిథుల కోసం పద్మావతమ్మ పెట్టి వెళ్ళిన మజ్జిగ జగ్గు ఉంది.

విక్టర్ తన మీదికి పోస్తుందనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ముబీనా అతనివైపు చూడనే లేదు. మూత లేని కేబినెట్లోకి, బోర్డు మీదికి, జగ్గు మొత్తం బోర్లించేసింది.

ఫ్యాను గాలికి మజ్జిగ తుంపర్లై గదంతా చిమ్మింది. టపటపమని నిప్పురవ్వలు లేచాయి. కాలిన కరివేపాకు వాసన వచ్చింది. తెర మీద చివరిసారిగా కనబడింది నీళ్ళో ఇసుకో ఎవరికీ తెలియలేదు. తెర నల్లబడిపోయింది.

అందరూ కిటికీవైపు తిరిగారు. దూరంగా ఇంజన్ రొద సన్నబడుతోంది. సన్నబడి, ఆగింది.

తర్వాత ఏటివైపు నుంచి భారీ మోత వచ్చింది. కిటికీ ఊచలు ఝల్లుమన్నాయి. పడవలు ఆగే ఫెర్రీ రేవు వైపు, ఇళ్ళ కప్పుల మీదుగా, నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి విరిగిపడ్డాయి. పొగగొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎప్పటిలాగే పొగ వదులుతున్నాయి.

విక్టర్ బూతు మాట ఏదో అని ట్రిగ్గర్ మీద వేలు బిగించాడు. అప్పుడే అతని వెనక, మేడమెట్ల వైపు తలుపు ధడాలున తెరుచుకుని మోచేతికి కొట్టుకుంది. పిస్తోలు ఎగిరి మంచం కిందికి పోయింది. ముబీనా గోడకి ఆనించిన కేబినెట్ మూత రెండు చేతులా ఎత్తి అతని నెత్తి మీద ఒకటిచ్చింది. విక్టర్ కళ్ళు తేలేసి మజ్జిగలో కూలబడ్డాడు.

గుమ్మంలో ముక్కల పళ్ళెంతో పద్మావతమ్మ నిలబడి ఉంది. ఆమె చూసింది రెండే. కొడుకు కంప్యూటర్లోంచి కారుతున్న మజ్జిగ. ఇంటికొచ్చిన ఇంజనీరు గారిని రేకుతో కొట్టిన అర్ఫా.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఏం చేశావే!"

సింధూరి సందు చూసుకుని వీధిలోకి పరుగు తీసింది. ఆమె ఒళ్ళోంచి జారిన బొమ్మని ముబీనా అందుకుని, గీత కార్మికుణ్ణి చెట్టు చివరికి తోసింది. సింధూరి కారు ఇబ్రహీంపట్నం రింగు సెంటరు దాటలేదు. అక్కడ ఒక జీపు అడ్డంగా నిలబడి ఉంది.

గదిలో ఫోను మోగింది. సాయిగణేష్ నేల మీంచే చెయ్యి చాపి ఎత్తాడు. అవతలి గొంతు అందరికీ వినబడేంత పెద్దది.

"ఏరా, ఏట్లో ఏదో పడిందంట! ఇక్కడందరం బయటికొచ్చి చూస్తున్నాం. అవునూ, మీ అమ్మ ఇంకా క్యారేజీ పంపలేదేంరా?"

సాయిగణేష్ ఫోను చెవికి ఆనించుకుని ఏడ్చేశాడు. కంప్యూటర్ పోయినందుకు ఏడుస్తున్నాడనుకుంది పద్మావతమ్మ.

కేసు బయటికి రాకూడదని చీఫ్ ఆర్డరు. దొంగ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న ముఠాని పట్టుకున్నారని ఊళ్ళో చెప్పారు. ఏట్లో పడింది ఎవరో సరదాకి ఎగరేసిన బొమ్మ విమానం అన్నారు. మోత దాని ఇంజను పేలినందుకు అన్నారు. సాయిగణేష్ చేత ఒట్టు వేయించుకున్నారు, కన్నవాళ్ళకి కూడా చెప్పనని.

వారం తర్వాత ముబీనా మళ్ళీ ఆ ఇంటి మెట్లెక్కింది. చున్నీ తల మీదికి లాక్కుని, అర్ఫాగా, ఆఖరిసారి. ట్రాన్స్‌మిటర్ ఉన్న బొమ్మ అక్కడే ఉండిపోయింది. అది సర్కారు సొత్తు, తెచ్చెయ్యమన్నాడు చీఫ్.

పద్మావతమ్మ తలుపు సగమే తీసింది.

"మళ్ళీ వచ్చావా తల్లీ? ఇంకేం మిగిలిందని?"

"క్షమాపణ చెబుదామని అమ్మగారూ. ఆ బొమ్మ కూడా..."

"చాలు. నీకు పాఠం చెప్పినందుకు మావాడి కంప్యూటర్‌కి మజ్జిగ పోశావు. ఆ పెద్దమనిషి నెత్తి పగలగొట్టావు. దొంగాడే అనుకో, అయినా పోలీసులున్నది ఎందుకు? నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను. నిన్ను నమ్మి గుమ్మంలోకి రానిచ్చినందుకు నన్ననాలి."

ఆమె వెనక సాయిగణేష్ కనబడ్డాడు. అతని కళ్ళల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. "అమ్మా, ఆ అమ్మాయి..."

"నువ్వు నోర్ముయ్!"

అతను నోరు మూసుకున్నాడు. ఒట్టు ఒట్టే. రెండు చేతులూ జోడించి, అమ్మకి కనబడకుండా ముబీనాకి దణ్ణం పెట్టాడు.

పద్మావతమ్మ షెల్ఫు మీంచి తాటిచెట్టు బొమ్మ తెచ్చి ఆమె చేతిలో కుక్కింది. లోపలి నుంచి, భోజనం దగ్గర కూర్చున్న మనిషి పెద్ద గొంతు వినబడింది. నిండుగా, బద్ధకంగా, ప్రాణంతో.

"ఎవరే వచ్చింది?"

"ఎవరూ లేరండీ," అంది పద్మావతమ్మ.

ఇంతకంటే మంచి సర్టిఫికెట్ చీఫ్ కూడా ఇవ్వలేడని ముబీనా నవ్వుకుంటూ ఉండగానే, ఆమె మొహం మీద తలుపు పడింది.